తెరమీది పేరు – దాని వెనుకనుండు సంఖ్య

కడప జిల్లాలో ఏ కళాశాల అడ్మిషన్ రిజిస్టరును తెరచి చూచినను ఒక విషయము వెంటనే కంటబడును. మహబూబ్ బాషాలు, ఖాదర్ బాషాలు, దస్తగిరులు, మస్తాన్ వలీలు, వీరబ్రహ్మములు, ఓబులేసులు, సుబ్బరాయుళ్లు పుటపుటకును తిరిగి తిరిగి వచ్చుచుందురు. కారణము వెదుక పనిలేదు. కడప అమీన్ పీర్ దర్గాకు మ్రొక్కుకొన్నవారును, బ్రహ్మంగారి మఠమునకు మ్రొక్కుకొన్నవారును, అహోబిల నరసింహునికి మ్రొక్కుకొన్నవారును తమ బిడ్డలకు ఆయా పేర్లే పెట్టుకొందురు. దస్తగిరి యను పేరు ముస్లింల ఇంటను కలదు, హిందువుల ఇంటను కలదు. పేర్లిట్లు కలిసిపోవుట మన సీమకు అందమే. ఆ పేర్లను కంప్యూటరులోనికి ఎక్కించువానికి మాత్రము అది పరీక్ష.

కార్యాలయములోని తెరపై విద్యార్థుల పేర్ల జాబితా ఒకటి కలదనుకొందము. గుమాస్తా అందులో 'మహబూబ్ బాషా' అను పేరును ఎన్నుకొని, 'ఉపకారవేతనము ముట్టినది' అను బటనును నొక్కును. ఆ సంవత్సరము మహబూబ్ బాషాలు ఇద్దరు. ఒకరిది చాపాడు, మరొకరిది దువ్వూరు. గుమాస్తా ఎన్నుకొన్నది దువ్వూరు విద్యార్థిని. ప్రోగ్రాము మాత్రము తెరమీది అక్షరములను తీసికొని, రికార్డులలో అవి మొదట ఎక్కడ దొరకునో అక్కడనే ఆగి, చాపాడు విద్యార్థి పద్దులో వ్రాయును. తెరపై పొరపాటేమియు కనబడదు. పేరు సరిగనే యున్నది గదా! ఒక పద్దులో రెండు చెల్లింపులు, మరొక పద్దులో శూన్యము. ఫీజు బకాయి ఉన్నదని హాల్ టికెట్టు ఆపినప్పుడు గాని ఆ రెండవ విద్యార్థికి సంగతి తెలియదు.

ఇట్టి పొరపాటు జరుగకుండ ప్రోగ్రాము వ్రాయు విధానమే ఈ పాఠము. విషయము కంప్యూటరు విద్యార్థులది. అయినను దాని ఫలితము కళాశాల కార్యవర్గమునకు కూడ సంబంధించినది గనుక ఇరువురికిని అర్థమగునట్లు చెప్ప ప్రయత్నింతును.

బటను, జాబితా, కాంబో బాక్సు, పట్టిక, కొమ్మలుగా విచ్చుకొను వృక్షము – తెరపై మనము తాకగల ఈ అంగములను విడ్జెట్లు అందురు. ఒకే ప్రోగ్రాము విండోస్, లినక్స్, మాక్ అను మూడింటిపైనను నడచునట్లు విడ్జెట్లను సమకూర్చు లైబ్రరీలు కొన్ని కలవు. 1992లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమున జూలియన్ స్మార్ట్ ప్రారంభించినది డబ్ల్యుఎక్స్ విడ్జెట్స్. 2004 వరకు దానికి డబ్ల్యుఎక్స్ విండోస్ అని పేరు. నార్వే దేశీయులగు హావార్డ్ నూర్డ్, ఐరిక్ చాంబె-ఎంగ్ 1991లో మొదలుపెట్టి 1995లో లోకమునకు విడుదల చేసినది క్యూటీ. గింప్ అను చిత్రలేఖన సాధనము కొరకు పుట్టి, దానిని మించి పెరిగినది జి.టి.కె. బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్ నిర్మించిన టి.కె. నేడు పైథాన్ భాషతోపాటు వచ్చుచుండుటచే మన విద్యార్థులకు అన్నిటికంటె ముందు పరిచయమగునది అదియే. పేర్లు వేరైనను ఇవన్నియు ఒక ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది: తెరపై కనబడు ఒక వరుసకు, కనబడని సమాచారమును ఎట్లు తగిలించుట?

వెనుకటి దినములలో ఈ ప్రశ్నకు చాకిరేవున సమాధానము దొరకెడిది. రజకుడు పది ఇండ్ల బట్టలను ఒకే మూటగా కట్టుకొని పోవును. తెల్లపంచెలన్నియు ఒకేరీతి నుండును. రేవున అవి కలిసిపోవును, బండపై తారుమారగును, తీగపై వరుస మారును, ఇస్త్రీ బల్లపై మరల మారును. అయినను సాయంకాలమునకు ఎవరి పంచె వారి ఇంటికి చేరును. ఏలయనగా పంచె అంచున, కట్టినవానికి కనబడని చోట, నల్లజీడి రసముతో పెట్టిన గుర్తొకటి కలదు. ఆ గుర్తు యజమాని పేరు కాదు. రెండు గీతలు, ఒక చుక్క మాత్రమే. అది ఎవరిదో తెలిసినది రజకునికి. గుర్తు మూటలోని స్థానమును బట్టి లేదు, పంచె రంగును బట్టి లేదు. బట్టనే అంటిపెట్టుకొని యున్నది. బట్ట ఎక్కడికి పోయిన అదియు అక్కడికి పోవును. 'పైనుండి మూడవది రెడ్డిగారిది' అని జ్ఞాపకముంచుకొను రజకుడు ఒక్క గాలివీచికతో చెడును.

ప్రోగ్రాములు వ్రాయువారిలో పెక్కుమంది ఇట్లు 'పైనుండి మూడవది' అని జ్ఞాపకముంచుకొనువారే. అక్షరములను నమ్ముట ఒక తప్పుదారి. స్థానమును నమ్ముట మరొకటి. ఈ రెండింటిని వేరువేరుగా పరిశీలింతము.

అక్షరములను నమ్మరాదు

ఒకే పేరు ఇద్దరికుండుట పైన చూచితిమి. అంతకంటె సూక్ష్మమైన చిక్కు వేరొకటి కలదు: ఒకే మనిషి పేరు, ఒకే విధముగ కనబడుచు, కంప్యూటరుకు రెండు పేర్లగుట. యూనికోడు ప్రమాణమున ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య కలదు. తెలుగు లిపికి 3072 నుండి 3199 వరకు గల సంఖ్యలను కేటాయించినారు. 'మహబూబ్' అను మాట చివరి పొల్లు తరువాత కొన్ని టైపింగు సాధనములు 8204 అను సంఖ్య గల అదృశ్యాక్షరమును చేర్చును. తరువాతి హల్లు వచ్చి పొల్లుతో కలిసి వత్తుగా మారకుండుటకు పెట్టిన అడ్డు అది. పదము చివర నున్నప్పుడు దాని వలన కంటికి ఏ భేదమును కనబడదు. కాని ఒక గుమాస్తా ఒక సాధనముతోను, మరొక గుమాస్తా మరొక సాధనముతోను టైపు చేసినచో, కంటికి ఒక్కటిగా కనబడు రెండు మహబూబులు కంప్యూటరు దృష్టిలో పరస్పరము తెలియనివారు.

ఉర్దూలో ఈ చిక్కు ఇంకను హెచ్చు. ఉర్దూ 'యే' అక్షరము సంఖ్య 1740. అరబ్బీ 'యే' సంఖ్య 1610. పదము చివర వచ్చినప్పుడు ఈ రెండింటికిని చుక్కలలో భేదము కనబడును. పదము నడుమ వచ్చినప్పుడు రెండును ఒక్కటే రూపము. 'షేక్' అను మాటలో ఆ అక్షరము వచ్చునది నడుమనే. మన రిజిస్టరులో సగము పేర్లకు ముందు నిలుచు మాట అది! ఉర్దూ కీబోర్డుతో వ్రాసిన షేక్ వేరు, అరబ్బీ కీబోర్డుతో వ్రాసిన షేక్ వేరు. 'కాఫ్' అక్షరమునకును ఇదే గతి: ఉర్దూలో 1705, అరబ్బీలో 1603. వెదకినను దొరకని విద్యార్థి రికార్డు పోయినదని కంగారుపడుటకు ముందు ఈ సంఖ్యలను చూచుకొనవలెను.

తెరమీది మాటను భాషాంతరీకరించిన నాడు ఈ బలహీనత పూర్తిగ బయటపడును. 'పాస్' అని ఆంగ్లమున నున్న అంశమును ఎన్నుకొన్నప్పుడు, ప్రోగ్రాము 'ఎన్నుకొన్న మాట పాస్ అయినచో' అని పరీక్షించుచున్నదనుకొందము. ఆ విండోను తెలుగులోనికి మార్చి 'ఉత్తీర్ణత' అని పెట్టగనే ఆ పరీక్ష ఎన్నటికిని నిజము కాదు. ప్రోగ్రాము ఆగదు, దోషమని చెప్పదు. మౌనముగ అందరిని తప్పినవారి పట్టికలో చేర్చును. ఇది దూరపు ఊహ కాదు. గ్నోమ్, కె.డి.ఇ. అను లినక్స్ పరిసరములును, లిబ్రే ఆఫీసును తెలుగులోనికి అనువదింపబడియున్నవి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు ముఖముగల లినక్స్ వ్యవస్థనే సిద్ధపరచినది. ఆ అనువాదకులు స్వచ్ఛందముగ కూర్చుండి వేలకొలది మాటలను మార్చగలిగిరనగా, ఆయా ప్రోగ్రాములను వ్రాసినవారు తెరమీది మాటను పనిచేయు సంకేతముగ వాడకుండిరి గనుకనే.

మన రాష్ట్రమున 2022లో శాసనసభ ఆమోదించిన సవరణ చట్టము వలన ఉర్దూ రాష్ట్రమంతటను రెండవ అధికార భాష అయినది. కావున మనవంటి కళాశాల ఉపయోగించు ఏ ప్రోగ్రామైనను తెలుగు, ఉర్దూ, ఆంగ్లము మూడింటను ముఖము చూపగలదై యుండుట న్యాయము. రిజర్వేషను వర్గముల జాబితాను తీసికొనుడు. 2007 నాటి చట్టము ననుసరించి ముస్లింలలో వెనుకబడిన తరగతులకు 4 శాతము కేటాయింపు గల బి.సి.–ఇ వర్గము ఆ జాబితాలో నుండును. దానిని ఉర్దూలో ఎట్లు వ్రాసినను, తెలుగులో ఎట్లు విపులీకరించినను, దాని వెనుక తగిలించిన సంకేతము ఒక్కటే యుండవలెను. అనువాదకుడు ఒక మాటను మెరుగుపరచినంత మాత్రమున ఒక విద్యార్థి వర్గము మారిపోరాదు.

స్థానమును నమ్మరాదు

'జాబితాలో ఏడవ వరుస అనగా నా పట్టికలో ఏడవ రికార్డు' అను లెక్క మొదటి దినమున చక్కగ పనిచేయును. అందుచేతనే అది ప్రమాదకరము. 1990ల నాటి విజువల్ బేసిక్‌లో జాబితాను అక్షరక్రమమున పేర్చుకొను సౌకర్యముండెడిది. పేరు చేర్చగనే అది తన క్రమస్థానమునకు పోవును. ప్రక్కన వేరుగ ఉంచుకొన్న సంఖ్యల వరుస మాత్రము చేర్చిన క్రమముననే నిలుచును. రెండింటి పొత్తు చెడును. ఈ కారణముననే ఆ భాషలో ప్రతి వరుసకును ఐటమ్ డేటా అను ఒక పూర్ణాంకమును తగిలించు వసతి కల్పించిరి. విజువల్ బేసిక్ విండోస్‌కే పరిమితము; కాని నాటి ప్రోగ్రామర్లు నేర్చిన ఆ పాఠము క్రాస్ ప్లాట్‌ఫామ్ లైబ్రరీలన్నిటను ఏదో యొక రూపమున నిలిచియున్నది.

క్యూటీ లైబ్రరీలోని టేబుల్ విడ్జెట్టున ఈ తప్పు మరింత వింతగ జరుగును. వరుసలు తమంతట పేర్చుకొను సౌకర్యమును ముందే తెరచియుంచి, పట్టికను నింప మొదలిడితిమనుకొనుడు. మూడవ వరుసలో పేరు పెట్టగనే ఆ వరుస తన క్రమస్థానమునకు, ఏ పదునొకండవ స్థానమునకో, జారిపోవును. మన ప్రోగ్రాము ఎరుగదు. అది మూడవ వరుస అనుకొనుచునే తండ్రిపేరును, బకాయిని అక్కడ పెట్టును. అక్కడ నున్నది వేరొకరి వరుస! ఫలితముగ ఒకరి బకాయి మరొకరి పేరు ప్రక్కన చేరును. క్యూటీ వారి పుస్తకముననే ఈ హెచ్చరిక కలదు: పట్టిక నింపిన పిదపనే పేర్చు సౌకర్యమును తెరువవలెను. ఆ వాక్యమును చదువక ప్రోగ్రాము వ్రాయువారు పట్టిక ఏల తారుమారైనదో తెలియక గంటలకొలది వెదకుదురు.

పై రెండు దారులను కలిపి కొందరు మూడవదొకటి త్రొక్కుదురు. 'మహబూబ్ బాషా – 217' అని పేరును, సంఖ్యను ఒకే మాటగ చూపి, ఎన్నుకొన్న తరువాత గీత దగ్గర విరిచి 217ను తీసికొందురు. ఇది యుక్తిగ కనబడును గాని నా అభిప్రాయమున ఇది అన్నిటికంటె చెడ్డది. పేరులోనే గీత యున్న నాడు, అనువాదకుడు గీతకు బదులు కామా పెట్టిన నాడు, ఉర్దూ కుడినుండి ఎడమకు పోవుటచే సంఖ్య ఎటు నిలిచినదో కంటికే సందేహమైన నాడు ఆ విరుపు పొరపడును. చూపుటకు వ్రాసినదానిని మరల చదివి అర్థము చేసికొనవలసిన అవసరము ప్రోగ్రామునకు ఏల రావలెను? సంఖ్య దానికి ముందే తెలియును గదా.

తగిలించు విధానములు

ఇప్పుడు అసలు పద్ధతికి వత్తము. క్యూటీలో కాంబో బాక్సుకు ఒక అంశమును చేర్చు యాడ్ ఐటమ్ అను క్రియకు రెండు విషయములు ఈయవచ్చును: కనబడు మాట, దానితోకూడ కనబడని సమాచారము. తరువాత ఎన్నుకొన్న అంశము నుండి కరెంట్ డేటా అని అడిగినచో ఆ సమాచారమే తిరిగి వచ్చును. సమాచారమును ఇచ్చి అది ఏ వరుసలో నున్నదో ఫైండ్ డేటా ద్వారా కనుగొనవచ్చును. దీని వెనుకనున్న భావము చక్కనిది. క్యూటీ దృష్టిలో ప్రతి అంశమునకును పెక్కు పాత్రలు కలవు. చూపవలసిన మాట ఒక పాత్ర, బొమ్మ ఒక పాత్ర, చిన్న వివరణము ఒక పాత్ర. ఈ పాత్రలకు సంఖ్యలు కలవు. 256 నుండి మీది సంఖ్యలను ప్రోగ్రామరు స్వేచ్ఛకు విడిచినారు; ఆ మొదటి సంఖ్యకు యూజర్ రోల్ అని పేరు. 256లో అడ్మిషన్ సంఖ్యను, 257లో గ్రూపు సంకేతమును ఉంచుకొనవచ్చును. వరుసలు ఎట్లు పేర్చబడినను, భాష ఏది మారినను, ఆ సమాచారము అంశమును వెన్నంటి పోవును. పంచె అంచుమీది గుర్తు ఇదియే.

డబ్ల్యుఎక్స్ విడ్జెట్స్‌లో ఇదే వసతిని క్లయింట్ డేటా అందురు. ఇది రెండు తెగలు. ఒక తెగలో మనము ఇచ్చినది ఒట్టి చిరునామా. జాబితా దానిని దాచును, అడిగినప్పుడు తిరిగి యిచ్చును, అంతే. జాబితా నశించినను ఆ చిరునామాలోని వస్తువును అది చెరుపదు. చెరుపు బాధ్యత మనది. రెండవ తెగను క్లయింట్ ఆబ్జెక్ట్ అందురు. దీనిని జాబితాకు అప్పగించినచో యాజమాన్యము దానికే పోవును. అంశమును తొలగించినప్పుడు వస్తువును కూడ అదియే చెరుపును. ఒకే జాబితాలో ఈ రెండు తెగలను కలుపరాదని నియమము. సి ప్లస్ ప్లస్ భాషలో వ్రాయువారికి ఈ భేదము ప్రాణప్రదము. మొదటి తెగను రెండవదని భ్రమించినచో జ్ఞాపకస్థలము కారిపోవుచుండును. రెండవదానిని మొదటిదని భ్రమించి మనమును చెరిపినచో, ఒకే వస్తువు రెండుమారులు చెరుపబడి ప్రోగ్రాము కుప్పకూలును. పైథాన్ విద్యార్థులకు ఈ బాధ చాలవరకు లేదు. అయినను బాధ్యత ఎవరిదను ప్రశ్న వారును ఎరిగియుండుట మంచిది.

జి.టి.కె.లో ఏ విడ్జెట్టుకైనను ఒక పేరుతో సమాచారమును కట్టవచ్చును. చెరుపవలసిన వేళ పిలువదగిన క్రియను కూడ దానితోనే అప్పగింపవచ్చును. మూడవ కూర్పు వరకు జాబితాల విషయమున అందరును వాడిన ఉపాయము వేరు: పట్టికలో అడ్మిషన్ సంఖ్యకు ఒక నిలువు వరుసను పెట్టి, దానిని చూపకుండుట. జావా స్వింగ్‌లో కాంబో బాక్సు వస్తువులనే దాచుకొని వాటి నుండి కనబడు మాటను తానే అడిగి తెచ్చుకొనును. లాజరస్‌లో ట్యాగ్ అను పూర్ణాంకము ప్రతి అంగమునకును పుట్టుకతోనే కలదు.

టి.కె. విషయము కొంచెము చెప్పవలెను. అందలి ట్రీ వ్యూలో ప్రతి వరుసకు మనము ఒక గుర్తింపు మాటను ఈయవచ్చును. అడ్మిషన్ సంఖ్యనే ఈయుట మేలు. అదే గుర్తింపుతో రెండవ వరుసను చేర్చబోయినచో టి.కె. నిరాకరించి దోషమని చెప్పును. ఒకే విద్యార్థి రెండుమారులు చేరుట అక్కడికక్కడనే పట్టుబడును. అదే టి.కె. కాంబో బాక్సులో మాత్రము మాటలు తప్ప దాచుటకు మరే చోటును లేదు. అక్కడ సంఖ్యల వరుసను ప్రక్కన ఉంచుకొనక తప్పదు. మాటలను, సంఖ్యలను ఒకే క్రియలో, ఒకేసారి నింపినచో స్థానముల పొత్తు నిలుచును. స్థానమును నమ్మరాదని చెప్పిన నేనే ఇక్కడ నమ్ముమనుట విరుద్ధముగ తోచవచ్చును. లేనిచోట చేయు సర్దుబాటు అది.

జాబితా కాక, ప్రతి వరుస చివర ఒక బటను పెట్టదలచినప్పుడు పైథాన్ విద్యార్థులు తప్పక పడు గుంట యొకటి కలదు. ముప్పది మంది విద్యార్థులకు ముప్పది 'రద్దు' బటన్లను ఒక ఆవృత్తిలో సృష్టించి, ప్రతిదానికి లాంబ్డా అను చిన్న క్రియ ద్వారా సంఖ్యను ఇచ్చితిమని తలతురు. నిజమునకు ఆ క్రియలు సంఖ్యను దాచుకొనవు, సంఖ్య యుండు పాత్రను దాచుకొనును. ఆవృత్తి ముగియునప్పటికి పాత్రలో మిగులునది చివరి విద్యార్థి సంఖ్య. కావున ముప్పది బటన్లలో దేనిని నొక్కినను రద్దగునది ఆ చివరివాడే! సంఖ్యను క్రియకు అప్పటికప్పుడే కట్టివేయు పార్షియల్ అను సాధనమును వాడుటయో, క్యూటీలో సెట్ ప్రాపర్టీ ద్వారా బటనుకే అడ్మిషన్ సంఖ్యను తగిలించుటయో దీనికి పరిహారము.

ఏమి తగిలింపవలెను?

తగిలించు విధానము తెలిసినంత మాత్రమున చాలదు. కొందరు విద్యార్థి సమస్త రికార్డును, అనగా పేరు, చిరునామా, బకాయి, ఆధార్ సంఖ్య మొదలగునవన్నియు, వరుసకు తగిలింతురు. మరల డేటాబేసును అడుగ పనిలేదని వారి వాదము. కాని ఉదయము పది గంటలకు తగిలించిన బకాయి ఉదయము పది గంటల బకాయి. పదునొకండు గంటలకు ప్రక్క బల్లవద్ద విద్యార్థి ఫీజు కట్టిపోయినను ఈ తెర వెనుక పాత బకాయియే నిలిచియుండును. రజకుడు పంచె అంచున ఇంటియజమాని చరిత్రను వ్రాయడు. తగిలింపదగినది సంఖ్య యొక్కటియే; మిగిలినది అవసరమైనప్పుడు ఆ సంఖ్యతో రికార్డునే అడుగవలెను. ఆధార్ వంటి గోప్య విషయములు అనవసరముగ తెర వెనుక తిరుగకుండుట మరొక లాభము.

ఆధార్ సంఖ్యను తగిలింపరాదనుటకు ఒక యాంత్రిక కారణము కూడ కలదు. డబ్ల్యుఎక్స్ విడ్జెట్స్‌లోని లిస్ట్ కంట్రోలు ప్రతి వరుసకు 'లాంగ్' అను తరగతి పూర్ణాంకమును మాత్రమే సులభముగ స్వీకరించును. 64 బిట్ల లినక్స్‌పై లాంగ్ అనగా 64 బిట్లు. 64 బిట్ల విండోస్‌పై సయితము లాంగ్ అనగా 32 బిట్లే. అందు పట్టు గరిష్ఠ సంఖ్య 2,147,483,647. పన్నెండంకెల ఆధార్ అందు పట్టదు. 6 మొదలు 9 వరకు గల అంకెలతో ప్రారంభమగు మన పదియంకెల మొబైల్ సంఖ్యలును పట్టవు. విద్యార్థి ఇంటివద్ద లినక్స్‌పై పరీక్షించి నిశ్చింతగ తెచ్చిన ప్రోగ్రాము కార్యాలయపు విండోస్‌పై చెడును. మూడు వ్యవస్థలపై నడచును అన్న మాటను మూడింటిపైన నడిపి చూచిన పిదపనే అనవలెను. అడ్మిషన్ సంఖ్య ముందు సున్నాలు గలదైనచో దానిని సంఖ్యగ గాక మాటగ ఉంచుకొనవలెనను చిన్న జాగ్రత్త కూడ ఇక్కడనే చెప్పుదును. సంఖ్యగ మార్చిన 0217 తిరిగి వచ్చునప్పుడు 217 అగును.

వేలకొలది వరుసలున్నచోట అంశములకు ఒక్కొక్కదానికి తగిలించుట మాని, సమాచారమునంతయు ఒక నమూనాలో నుంచి, తెర దానిని అడిగి చూపునట్లు చేయుదురు. 1979లో జిరాక్స్ పరిశోధనాలయమున ట్రిగ్వె రీన్‌స్కౌగ్ ఆలోచించిన విభజన ఇది. క్యూటీ ఈ మార్గమున చాల దూరము పోయినది. దానిని వేరొక పాఠముగ చెప్పుకొనవలెను గాని, అక్కడను 256వ పాత్రలో నుండునది మన సంఖ్యయే.

కార్యవర్గము వారు గమనింపవలసిన విషయము ఇక్కడ ఒకటి కలదు. తెర వెనుక సంఖ్య నిలిచినంత మాత్రమున ప్రోగ్రాము పొరపడదు, గుమాస్తా పొరపడవచ్చును. జాబితాలో రెండు మహబూబ్ బాషాలు ఒకదానిక్రింద ఒకటి నిలిచినప్పుడు ఏది చాపాడో, ఏది దువ్వూరో ఆయనకు ఎట్లు తెలియును? దాచిన గుర్తు యంత్రమునకు. మనుష్యునకు కనబడు గుర్తు వేరుగ కావలెను. మన పల్లెలలో పెద్దలు 'ఖాజీపేట బాషా', 'వనిపెంట బాషా' అని ఊరిపేరు చేర్చి పిలుచుట ఇందుకే. కావున తెరపై పేరుతోపాటు తండ్రిపేరు, ఊరు, వీలైనచో ఫోటో చూపవలెను. వెనుక అడ్మిషన్ సంఖ్య నిలువవలెను. కళాశాలకు ప్రోగ్రాము అమ్మవచ్చువారిని లక్షణములన్నియు అడుగుటకు ముందు, ఒకే పేరు గల ఇద్దరిని చేర్పించి, రెండవవాని పేర ఒక రశీదు వ్రాయించి, మొదటివాని పద్దును తెరపించి చూడవలెను. దానికి పట్టు కాలము ఐదు నిమిషములు.

విద్యార్థులకు అభ్యాసము. క్యూటీలో గాని, టి.కె.లో గాని ఒక చిన్న విండో నిర్మింపుడు. అందు పది పేర్ల పట్టిక యుండవలెను. మూడు పేర్లు ఒక్కటే కావలెను. వానిలో ఒకదాని పొల్లు తరువాత 8204 సంఖ్య గల అదృశ్యాక్షరమును చేర్చుడు. ప్రతి వరుసకును అడ్మిషన్ సంఖ్యను తగిలించి, ఎన్నుకొన్న వరుస సంఖ్యను క్రింద చూపుడు. పిదప పేరు శీర్షికపై నొక్కి వరుసలను పేర్చుడు, మరల నొక్కి తలక్రిందులు చేయుడు, పేర్లను తెలుగు నుండి ఉర్దూకు మార్చుడు, నడుమనున్న ఒక వరుసను తొలగింపుడు. ఒక్కొక్క మార్పు తరువాతను ఆ మూడు వరుసలను ఒక్కొక్కటిగ ఎన్నుకొని సంఖ్య మారినదేమో చూడుడు. లినక్స్‌పై చేసినవారు దానినే కార్యాలయపు విండోస్ యంత్రముపై మరల చేసి చూడవలెను.